మందునీళ్ల సీసా

గురజాల,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కకూ బావగారికీ నమస్కారాలు. పిల్లలిద్దరికీ ముద్దులు. నేను కులాసాగానే ఉన్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? బావగారి దగ్గు తగ్గిందా? నెల దాటినా ఉత్తరం రాలేదని నీకు కోపం వచ్చి ఉంటుంది. ఇక్కడ ఒక సంగతి జరిగింది. అది తేలాక రాద్దామని ఆగాను. ఒంట్లో నాకేమీ కాలేదు, కంగారు పడకు.

ఎండలు అప్పుడే ముదిరాయి. సోంపేట సముద్రపు గాలికి అలవాటుపడిన ఒళ్లు కదా, పొద్దున పదింటికే నేలలోంచి వేడి పైకి తన్నుతుంటే తట్టుకోవడం కష్టంగా ఉంది. మిరపకాయలు కల్లాల్లో ఆరబోశారు. గాలి ఇటు తిరిగితే వార్డంతా తుమ్ములే. కూరల్లో కారం గురించి రాసి నిన్ను భయపెట్టను. పెరుగు ఎక్కువ పోసుకుని తింటున్నాను.

మాది చిన్న ఆసుపత్రి అని రాశాను కదా. కాన్పులూ ఆపరేషన్లూ డాక్టరమ్మగారు ఒక్కరే చూస్తారు. కట్లు మార్చే పని నాది. పోయిన నెలలో మస్తాన్‌బీ అనే అమ్మాయికి ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. తొలి కాన్పు. భర్త బస్టాండు దగ్గర లారీ మెకానిక్కు. ఐదో రోజున కుట్ల మధ్య నుంచి ఆకుపచ్చ చీము మొదలైంది. ఇంజెక్షన్ మార్చాం. మళ్లీ మార్చాం. జ్వరం దిగలేదు, కుట్లు విడిపోయాయి. పక్క మంచం మీద ఉన్న రెంటచింతల ఆవిడకూ అదే రంగు చీము.

డాక్టరమ్మగారు ఆ చీమును గుంటూరు ల్యాబుకు పంపారు. రిపోర్టులో మందుల పేర్లు వరుసగా ఉన్నాయి. దాదాపు అన్నింటి ఎదుటా పనిచేయదనే రాశారు. అట్టడుగున ఒక్క మందు మిగిలింది.

"ఈ క్రిమి మన మందులన్నిటికీ రాటుదేలింది కమలా. ఇది మన గోడల మధ్యే ఎక్కడో ఉంది. వెతకాలి" అన్నారావిడ.

మర్నాడు కుళాయి, తువ్వాళ్లు, బేసిన్లు, కట్లు పెట్టే బల్ల, అన్నింటి మీదా దూది పుల్లలతో తుడిచి ల్యాబుకు పంపడానికి సిద్ధం చేశాం. మా ఆయా కోటమ్మ వెనకే తిరుగుతూ, "ఆ సీసా ఒక్కటీ ఒదిలేశారేందమ్మా?" అంది. పుండ్లు కడిగే మందునీళ్ల సీసా అది.

"అది క్రిముల్ని చంపే మందు కోటమ్మా."

"అయితే మాత్రం సూస్తే పోయిందేముంది?"

సరేనని అందులోంచీ కాసిని తీసి పంపాం. రిపోర్టు వచ్చింది. ఆ క్రిమి ఆ సీసాలోనే పెరుగుతోంది.

అక్కా, ఆ సీసా నింపేది నేనే. సగం అయ్యాక పైన మళ్లీ పోసేదాన్ని. ఒక్కనాడూ ఖాళీ చేసి కడగలేదు. బెండు మూత నానినాని నల్లబడినా మార్చలేదు. ట్రైనింగులో రోజూ పారబోయమని చెప్పారు. తీరిక లేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. శుభ్రం చేస్తున్నాననుకుంటూ ఆ పిల్ల పుండుకు ఆ క్రిమిని నా చేత్తో నేనే పూశాను.

"నేనూ చూసుకోలేదు. తప్పు ఇద్దరిదీ. కానీ బయటికి చెబితే ఆసుపత్రికి ఎవరూ రారు" అన్నారు డాక్టరమ్మగారు.

"చెప్పకుండా ఆ మంచం దగ్గరికి వెళ్లలేనండీ."

ఆవిడ ఆ రిపోర్టు చేతిలోకి తీసుకుని లేచారు. "పద, నేనూ వస్తాను" అన్నారు.

మస్తాన్‌బీ అత్తగారు హుస్సేన్‌బీ కోడలికి విసనకర్రతో విసురుతోంది. నేను నిలబడే అంతా చెప్పాను. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"తెలిసి చేశావా?"

"లేదు పెద్దమ్మా."

"ఇంకోళ్లకి ఇట్టా కానిస్తావా?"

"కానివ్వను."

"నా కోడలు లేచిందాకా నిన్ను ఒదిలేది లేదు. నా కళ్ల ముందర చేతులు కడుక్కోని కట్టు కట్టు. నేను సూస్తా."

ఆమె కొడుకు మాత్రం స్టూలు తన్ని బయటికి పోయాడు. ఆ మిగిలిన ఒక్క మందు కోసం మళ్లీ ఆయనే బస్సెక్కి గుంటూరు వెళ్లి తెచ్చాడు. నాతో మాత్రం ఒక్క మాటా మాట్లాడలేదు. అది నేను పడాల్సిందే.

ఇప్పుడు అన్నీ చిన్న సీసాలు. రోజూ ఉడకబెడతాం, మిగిలినది సాయంత్రానికి పారబోస్తాం. మంచానికీ మంచానికీ మధ్య చేతులు మోచేతుల దాకా కడగాలి. గాజులు తీయాలి. అక్కడే కోటమ్మ అడ్డం తిరిగింది. "మొగుడు బతికుండంగా బోడి చేతులేందమ్మా? చానా తప్పు!" డాక్టరమ్మగారు తన గాజులు తీసి బల్ల మీద పెట్టారు. కోటమ్మ కాసేపు గొణిగి, తనవీ తీసి కొంగున ముడేసుకుంది. ఇంటికెళ్లేటప్పుడు గుమ్మంలో నిలబడి తొడుక్కుంటుంది.

రెంటచింతల ఆవిడను వాళ్లవాళ్లు భయపడి తీసుకెళ్లిపోయారు. నేను రోజు విడిచి రోజు బస్సులో వెళ్లి కట్టు మార్చి వస్తున్నాను. మొదటిరోజు గుమ్మంలోనే ఆపేశారు. ఇప్పుడు నీళ్లూ సబ్బూ తెచ్చిపెడుతున్నారు. పుండు పూడుతోంది, ఇంకా టైము పడుతుంది. ఆ వీధిలో సూదులేసే ఆయన దగ్గరా బెండు మూత సీసా చూశాను. మా ఆసుపత్రిలో జరిగింది దాచకుండా చెప్పాను. మొదట కసురుకున్నాడు. పోయినసారి మాత్రం, ఎలా ఉడకబెట్టాలో కాగితం మీద రాసిమ్మన్నాడు.

మస్తాన్‌బీ మొన్న గురువారం బిడ్డతో సహా తన కాళ్ల మీద నడిచి ఇంటికెళ్లింది. హుస్సేన్‌బీ పోతూ పోతూ నా చేతులు పట్టుకుని తిప్పి చూసింది. సబ్బుకు తోలు లేచిపోయి ఉన్నాయి. "కొబ్బరినూనె రాయి అమ్మాయ్" అని వెళ్లిపోయింది. అప్పుడు ఏడ్చాను.

అన్నట్టు నాకు నాలుగు తెల్ల జాకెట్లు కుట్టి పంపు. చేతులు బాగా పొట్టిగా ఉండాలి. ఎండుచేపలు కాసిని పెడితే ఇంకా సంతోషం.

మన ఊరి దగ్గర నర్సు ఉద్యోగం ఖాళీ ఉందనీ, బావగారు మాట్లాడతారనీ రాశావు. ఇప్పుడే వద్దని చెప్పు. మీమీద బెంగ లేక కాదు. నేను ఉన్నా లేకపోయినా ఇక్కడ ఆ సీసాలు ప్రతి సాయంత్రం ఖాళీ కావాలి. అది అందరికీ అలవాటయ్యేదాకా నేను కదలను.

అమ్మ పాదాలకు నా దండాలు. చేసే పనిలో మళ్లీ ఏమరుపాటు రాకూడదని నన్ను దీవించమను.

నీ చెల్లెలు,
కమల