వెళ్ళొచ్చాం ముద్ర

మంగళవారం

ప్రియమైన పిన్నీ,

మీ తపాలా ఆఫీసులో ఎవరైనా నా ఉద్యోగం ఏమిటని అడిగితే, ‘నగరంలో జనం ఆదివారం ఎక్కడికెళ్ళి సుఖపడాలో మా అక్క కూతురు నిర్ణయిస్తుంది’ అని చెప్పు. అబద్ధమేమీ కాదు. పార్కులో సంగీతం, పూల ప్రదర్శన, డాబా మీద కొత్త హోటల్, తెల్లారగట్ల సైకిళ్ళ యాత్ర, చెరువు గట్టున భోజనాలు... ఈ సీజన్‌లో మా పత్రికలో వారం వారం వచ్చే పేజీకి పదకొండు అంశాలు. అన్నీ నేనే రాస్తాను. అన్నిట్లోనూ మా సంపాదకుడు ఒక్కో ‘అద్భుతం’ దూరుస్తాడు. అందుకే ఆయనకి అద్భుతంగారని పేరు పెట్టాను. మొన్న ఒక సూప్ అద్భుతం, ఒక గడ్డి నేల అద్భుతం, కారు పార్కింగు కూడా అద్భుతం.

ప్రతి అంశం పక్కన గుండ్రంగా ఒక ముద్ర ఉంటుంది, చూశావా? ‘వెళ్ళొచ్చాం’ అని. మా పత్రికవాళ్ళు స్వయంగా వెళ్ళి, చూసి, తిని వచ్చారని దానర్థం. పాఠకులకి ఆ ముద్ర మీద గురి.

నాన్నతో పోట్లాడి నాకు ఈ ఏడాది ఇప్పించావు. ‘బళ్ళో టీచరు పని ఎక్కడికీ పోదు బావగారూ, పిల్లని లోకం చూడనివ్వండి. ఏడాదిలో ఏమీ చూడకపోతే నేనే చెవి పట్టుకుని వెనక్కి తీసుకొస్తా’ అన్నావుగా. నీ మాట పోదులే. చూస్తున్నాను. ప్రతి ఆదివారం సాయంత్రం పార్కు సంగీతానికి వెళ్తున్నాను. మూడో వరుసలో చివరి కుర్చీ, నా ఎర్ర గొడుగు, చేతిలో కాల్చిన మొక్కజొన్న కంకి. ఇంతకంటే ఏం కావాలి?

నాన్న అడిగితే ఇది చదివి వినిపించు.

కుర్చీలో కుదురుగా కూర్చోలేని
నీ బొంగరం

•

బుధవారం

ప్రియమైన బొంగరమా,

ఉత్తరం అందింది. మీ నాన్నకి వినిపించాను. ‘కంకి తినడానికి అంత దూరం వెళ్ళాలా?’ అన్నాడు. ఆయన్ని వదిలెయ్యి.

నాకు జలుబు చేసింది. ముక్కు చీదుకుంటూ ఉత్తరాలు వేరుచేస్తుంటే నా పక్కన కూర్చునే ఆయన బల్ల అవతలికి జరుపుకున్నాడు. ఆదివారం వానలో తడిశాను. ఎక్కడ తడిశావని అడక్కు, ముసలి వేషాలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కొన్ని సంగతులు తెలియలేదు. ఆ కుర్చీలు చెక్కవా, ఇనపవా? వాన వస్తే వాయించేవాళ్ళు ఏం చేస్తారు? నీ పక్కన ఎవరు కూర్చుంటారు? నువ్వు చిన్నప్పుడు గుమ్మంలో పోయే కుక్కకి కూడా తోక వంకర ఎటో చెప్పేదానివి. ఇప్పుడేమిటి, కరపత్రంలా రాస్తున్నావు?

వచ్చే ఆదివారం ఎక్కడుంటావో రాయి. ఎన్నింటికో కూడా రాయి. ఊరికే, ఊహించుకోడానికి.

తుమ్ముల మధ్య
మీ పిన్ని

•

శుక్రవారం

ప్రియమైన పిన్నీ,

ఒళ్ళు మండిపోతోంది. నీకు కాక ఎవరికి చెప్పుకోను!

మా పత్రికకి ఒకావిడ ఉత్తరం రాసింది. ‘ఒక తడిసిన పాఠకురాలు’ అట పేరు! అద్భుతంగారు దాన్ని టైపు చేయించి నా బల్లకి గుండుసూదితో గుచ్చారు. విను: ‘పార్కు సంగీతానికి మెత్తని కుర్చీలు వరుసలుగా వేశారని రాశారు. అక్కడ కుర్చీల్లేవు, చాపలున్నాయి. అవీ తడిసి ఉన్నాయి. వాన మొదలవగానే వాద్యగాళ్ళు వాద్యాల మీద గోనె సంచులు కప్పి తామే ముందు పరిగెత్తారు. మీ ముద్ర వేసినవారు ఏ దేశపు పార్కుకి వెళ్ళొచ్చారో తెలపగలరు.’

ఎంత పొగరు చూడు! పనీపాటా లేని మనిషి. ఇంట్లో కోడలు మాట వినక మా మీద పడినట్టుంది. ఆలస్యంగా వెళ్ళి ఉంటుంది, కుర్చీలు తీసేశాక. నేను మొన్న కూడా మూడో వరుసలోనే కూర్చున్నాను కదా! కుర్చీలు ఇనపవి, నువ్వడిగావు కాబట్టి.

ఆదివారం పొద్దున్న పదింటికి పూల ప్రదర్శనలో ఉంటాను. ఉత్తరం వైపు గేటు దగ్గర, పెద్ద గడియారం కింద. అక్కణ్ణుంచి గులాబీల పందిరికి వెళ్తాను. చాలా? ఊహించుకో.

జలుబుకి ఆవిరి పట్టు. ఆ తడిసినావిడకి మాత్రం తగ్గకూడదు.

నిప్పులు తొక్కుతున్న
బొంగరం

•

సోమవారం

ప్రియమైన బొంగరమా,

పూలు ఎలా ఉన్నాయి?

మీ పిన్ని

•

శనివారం

పిన్నీ,

నీ ఉత్తరంలో ఒక్క వాక్యమే ఉంది. దాన్ని నాలుగు రోజులుగా సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాను. పూలు ఎలా ఉన్నాయో నాకు తెలియదు. నేను చూడలేదు.

పార్కు చూడలేదు. డాబా హోటల్ చూడలేదు. సైకిల్ ఎక్కలేదు. ఈ నగరానికి వచ్చి పదకొండు నెలలయింది. బస్సు కిటికీలోంచి కనిపించిందే నేను చూసిన నగరం. మా పేజీ ఆదివారం రాత్రి ఎనిమిదింటికి అచ్చుకి వెళ్తుంది. అంటే లోకమంతా గడ్డి మీద పడుకున్న ఆదివారం నేను ఆరో అంతస్తులో, మెట్ల గోడకి తెరుచుకునే ఒకే ఒక్క కిటికీ పక్కన కూర్చుని ‘చల్లని గాలిలో సేద తీరండి’ అని రాస్తుంటాను. నిర్వాహకులు పంపిన కాగితాలు ముందేసుకుని, కుర్చీలన్న చోట మెత్తని కుర్చీలని, గేటన్న చోట పూలు కట్టిన గేటని రాస్తాను. ఇంకా మొదలవని వాటికి కూడా వెళ్ళొచ్చామని ముద్ర పడుతుంది. మొదటి వారంలోనే అడిగాను.

‘సార్, మనం వెళ్ళలేదు కదా?’

‘వారానికి పదకొండు చోట్లకి ఎవరు వెళ్తారమ్మాయీ? ఆ ముద్ర బొమ్మలాంటిది. పేజీకి అందం.’

నాన్నకి నువ్విచ్చిన మాట గుర్తొచ్చి నీకు అబద్ధం రాశాను. ఒకసారి రాశాక మూడో వరుసలోంచి లేవడం చేతకాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ తడిసినావిడ మళ్ళీ రాసింది. మా పేజీలో చెప్పిన ఉత్తరం వైపు గేటుకి తాళం వేసి ఏడాదయిందట, పెద్ద గడియారమని రాసిన చోట గడియారమే లేదట, చుట్టూ తిరిగి వెళ్ళేసరికి చెప్పు తెగిందట. అద్భుతంగారు నన్ను పిలిచారు.

‘ఈవిడ నుంచి ఇంకొక్క ఉత్తరం వస్తే నీ కుర్చీలో ఇంకొకరుంటారు.’

‘అయితే రేపు చెరువు గట్టు భోజనాలు మొదలవుతున్నాయి, నన్ను వెళ్ళి చూడనివ్వండి సార్. చూస్తే తప్పు రాయను.’

‘నువ్వెళ్తే పేజీ ఎవరు కడతారు?’

విన్నావా? చూడకూడదు, తప్పు రాయకూడదు. కళ్ళకి గంతలు కట్టి సూదిలో దారం ఎక్కించమన్నట్టుంది. ఉద్యోగం పోతే నాన్న చెప్పిన బడికి రావాల్సిందే. వస్తే ఈ ఏడాదిలో ఏం చూశానని చెప్పను?

రేపు మళ్ళీ చూడకుండా పేజీ కట్టేలోగా ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. అయినా రాశాను. ఎక్కడో ఒక చోట నిజం రాయాలిగా. తిట్టు. ఒక్క వాక్యం మాత్రం రాయకు.

బొంగరం

•

మంగళవారం

ప్రియమైన బొంగరమా,

తిట్టమన్నావు, తిట్టడానికి నాకు అర్హత లేదు. ఆ తడిసిన పాఠకురాలిని నేనే.

కుర్చీలోంచి లేవకు, పూర్తిగా చదువు.

మూడో వరుసలో ఎర్ర గొడుగు అన్నావు. ఆదివారం నాకు సెలవేగా, చెప్పకుండా వెళ్ళి వెనక నుంచి నీ కళ్ళు మూద్దామనుకున్నాను. బస్సులో మూడు గంటలు. మూడో వరుస లేదు, ఒకటో వరుసా లేదు. వానలో రెండు ఎర్ర గొడుగుల కిందకి వంగి చూశాను. ఒకదాని కింద కొత్తగా పెళ్ళయిన జంట, ఇంకొకదాని కింద ఒక పెద్దాయన. ఆయన నాకు సగం గొడుగు ఇస్తానన్నాడు. నీ మీద కోపం పత్రిక మీద తీర్చుకున్నాను. పూల ప్రదర్శనకీ నీ కోసమే వచ్చాను. లేని గడియారం కింద గంటసేపు నిలబడ్డాను. నువ్వు ఏ బస్సు కింద పడ్డావోనని నాకు ఎంత భయమేసిందో తెలుసా? తెగిన చెప్పుతోనే మీ ఆఫీసుకి వచ్చాను. కింద కాపలా ఆయన, ‘ఆ అమ్మాయా? ఆదివారం పొద్దున్నే ఎక్కుతుంది, చీకటి పడ్డాక దిగుతుంది’ అన్నాడు. పైకి రాలేదు. ఏ మొహం పెట్టుకుని వస్తాను? వెనక్కి వచ్చి ఆ ఒక్క వాక్యం రాశాను. నువ్వే చెబుతావని చూశాను. చెప్పావు.

ఆ ఉత్తరాలు నీ ఉద్యోగానికి ఎసరు పెడతాయని నాకు తట్టలేదు. అది నా తప్పే. మీవాళ్ళు టైపు చేసి కాకుండా కవరు చూపించి ఉంటే నా చేతిరాత నువ్వు గుర్తుపట్టేదానివి. అడ్డంగా దొరికిపోయేదాన్ని.

కానీ ఒక్కటి చెప్పనీ. ఇరవై రెండేళ్ళుగా నేను చేసే పని ముద్ర కొట్టడం. మా దగ్గర ముద్ర అందం కాదు. ఈ ఉత్తరం ఈ చోటికి, ఈ రోజున, నిజంగా వచ్చిందని. రాని ఊరి ముద్ర కొడితే ఇంటికి పంపిస్తారు. నువ్వు గుమ్మం దాటేటప్పుడు ‘వెళ్తాను’ అంటే చిన్నప్పుడు నోటి మీద కొట్టి ‘వెళ్ళొస్తాను’ అనిపించాను. ఆ మాటలో వెళ్ళడమూ ఉండాలి, రావడమూ ఉండాలి. మీ అద్భుతంగారు రెండూ తీసేసి మాట మాత్రం ఉంచుకున్నాడు.

వచ్చే ఆదివారం సాయంత్రం ఆరింటికి చెరువు గట్టున ఇద్దరికి బల్ల చెప్పి ఉంచాను. పడమటి చివర, పడవల దగ్గర. మూడో ఉత్తరం నేను రాయను. నువ్వు రాయి, చూసి.

రాకపోతే ఇద్దరి భోజనమూ నేనే తింటాను. మీ నాన్న సంగతి తర్వాత.

కొత్త చెప్పులు కొనుక్కున్న
మీ పిన్ని

•

మంగళవారం

ప్రియమైన పిన్నీ,

మొన్న నువ్వు బస్సెక్కే హడావిడిలో నీకు సగమే చెప్పాను. మిగతాది ఇది.

ఆదివారం అయిదింటికి పేజీలో పది అంశాలు కట్టి, పదకొండోదానికి ఖాళీ వదిలి, లేచాను. అద్భుతంగారు కళ్ళజోడు మీద నుంచి చూశారు.

‘ఎక్కడికి?’

‘వెళ్ళొస్తాను సార్.’

‘ఎక్కడికని అడిగాను.’

‘అదే చెబుతున్నాను సార్. వెళ్ళి, వస్తాను.’

తర్వాత జరిగింది నీకు తెలుసు. నీ కుర్చీ వెనక కాళ్ళు బురదలో దిగబడి నువ్వు ఆకాశం చూస్తూ భోంచేశావు. సూప్ చల్లారి మీగడ కట్టింది. దోమలు మనకంటే ముందు భోంచేశాయి. పడవ కోసం గంట నిలబడితే, మన వంతు వచ్చేసరికి పడవవాడు తాడు కట్టేసి ‘రేపు రండి పెద్దమ్మా’ అన్నాడు. నిన్ను పెద్దమ్మ అన్నందుకు నువ్వు వాడితో పెట్టుకున్న తగువులో పక్క బల్లవాళ్ళు కూడా చేరారు. నాకు ఎన్ని నెలల తర్వాత అంత చిరాకేసిందో! అంత మంచి చిరాకు ఆరో అంతస్తులో దొరకదు.

అదంతా అలాగే రాశాను. సూప్, బురద, దోమలు, పడవవాడు. చివర్లో, ‘నీళ్ళ మీద వెలుగు ఆరిపోయే ఆ పావుగంట మాత్రం ఎవరూ మాట్లాడలేదు, పడవవాడితో సహా’ అని కూడా. ఆ పదకొండో ఖాళీతో పేజీ రాత్రంతా ఆగిపోయింది. సోమవారం పొద్దున్న అచ్చువాళ్ళు పేజీ కోసం నెత్తిమీద నిలబడ్డారు, వేరే దారి లేక ఆయన దాన్నే పెట్టారు. ఒక్క అద్భుతం కూడా దూర్చలేదు. ఎక్కడ దూర్చాలో తెలిసినట్టు లేదు.

కానీ ముద్ర తీసేశారు. ఎందుకని అడిగాను.

‘ఇంత ఘోరంగా ఉందని రాసి, పైన వెళ్ళొచ్చామని కూడా అంటే మనకి బుద్ధి లేదనుకుంటారమ్మాయీ.’

పేజీ చూడు పిన్నీ. పది చోట్లకి ఎవరూ వెళ్ళలేదు, పదింటికీ ముద్ర ఉంది. మనం వెళ్ళొచ్చినదానికే లేదు.

కుర్చీ ఇంకా నాదే. ఎన్నాళ్ళో తెలియదు. ఆదివారాల్లో సగం బయటికి పంపిస్తేనే ఉంటానని కాగితం రాసి ఆయన బల్లకి గుండుసూదితో గుచ్చాను. నాన్నకి కూడా ఉత్తరం వేశాను, నువ్వు చదివి వినిపించే పని లేకుండా. ‘పదకొండు నెలల్లో చూసింది ఒక్కటే. మిగతావి చూడటానికి ఇంకో ఏడాది కావాలి’ అని. ఒంటికాలి మీద లేస్తారు. లేవనీ.

ఆ ముక్క కత్తిరించి ఇందులో పెట్టాను. పైన కుడి మూల ఖాళీ ఉంది చూడు, గుండ్రంగా, సరిగ్గా నీ ముద్ర పట్టేంత. మీ పెద్ద పోస్టుమాస్టరు అటు తిరిగినప్పుడు ఒక్క దెబ్బ కొట్టి వెనక్కి పంపు.

తేదీ స్పష్టంగా పడాలి సుమా. ఆదివారానిది.

బురద ఇంకా వదలని చెప్పులతో
నీ బొంగరం