రబ్బరు తొండం

1957 జనవరి 19

బెల్లంపల్లి వదిలేసి వచ్చాను. ఇక బొగ్గుబాయి ముఖం చూసేది లేదు. పెద్దపల్లి స్టేషన్‌లో దిగేసరికి అంతయ్య అన్న బండి తెచ్చి ఉన్నాడు. రైతు బాలమల్లును అడిగి తెచ్చిన బండి. నా ట్రంకుపెట్టె చూసి సంతోషపడ్డాడు గానీ, దాని వెనక నేను దొర్లించుకుంటూ వస్తున్న నల్లటి రబ్బరు చుట్ట చూసి ముఖం మాడ్చుకున్నాడు. ఇదేంది తమ్మీ, గింత బరువున్నది అన్నాడు. మిషన్ మీద బొగ్గు మోసే పట్టా ఇది, అరిగిపోతే స్క్రాప్ కింద అమ్ముతారు, జీతంలో మిగిలిందంతా దీని మీదే పెట్టాను అని చెప్పాను. అన్న ఎద్దులను అదిలించాడు.

వదిన యాదవ్వ ఊరుకునే మనిషి కాదు. అందరు కొలువు చేసి బట్టలు తెస్తరు, మా మరిది తారు వాసన తెచ్చిండు అంది. నవ్వుకోనీ.

జనవరి 22

ఎందుకు తెచ్చానో ఇక్కడైనా రాసుకుంటాను. ఇంట్లో చెబితే వినేవాళ్ళు లేరు.

మా ఊరి పొలాలకు నీళ్ళంటే మోటబాయి నీళ్ళే. ఎద్దులు మోకు లాగితే మోట, అదే ఇనుప బొక్కెన, పైకి వస్తుంది, కింద వేలాడే తోలు తొండంలోంచి నీళ్ళు కాలువలో పడతాయి. ఆ తొండం నానుతుంది, ఎండుతుంది, పగులుతుంది. పందికొక్కు కొరికిందంటే సరేసరి. యాసంగి పంట నడుమ తొండం చినిగితే మడి ఎండినట్టే. అప్పుడు రైతు మాదిగవాడకు వచ్చి, మా గడప అవతల నిలబడి, అన్నను నోటికొచ్చినట్టు తిట్టిపోతాడు. చిన్నప్పటి నుంచి ఆ తిట్లు వింటూనే పెరిగాను. అన్న కుట్టులో వంక లేదు. తోలు స్వభావమే అంత.

రబ్బరు నానదు, పగలదు, ఎలుక ముట్టదు. ఈ మాట ఇన్నేళ్ళూ ఎవరికీ ఎందుకు తట్టలేదో నాకు అర్థం కాదు. క్రైస్తవ మిషన్ స్కూలు వాళ్ళు ఏడో తరగతి దాకా చదివించి, దేవదాసు అని పేరు పెట్టి పంపారు. ఆ చదువుతో బొగ్గు ఏరే పని దొరికింది. చాలు. ఈ తొండం నిలిస్తే చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ మేమే చేసి ఇస్తాం. మాదిగవాడలో కార్ఖానా. మనసులో బోర్డు కూడా రాసుకున్నాను.

జనవరి 30

పట్టా మహా మొండిది. వంగదు. చుడితే తన్నుకుని లేస్తుంది. అన్న రెండు రోజులు చూసి చూసి, తోలు కోసే రంపి తెచ్చి పక్కన కూర్చున్నాడు. పట్టా అంతా పొరలు పొరలుగా ఉంది. పైపొర మెల్లగా ఒలిచాడు. ఒలిచిన పొర తోలులాగే వంగింది. అన్న ముఖంలో సంబరం దాగలేదు.

ఫిబ్రవరి 9

కుట్టు దగ్గర చినిగింది. రబ్బరుకు ఆరెతో బొక్క పొడిస్తే ఆ బొక్కే పెద్దదవుతుంది. బొగ్గుబాయిలో పట్టా తెగితే కుట్టరు, రేకు పెట్టి రివెట్లు కొడతారు. ఆ సంగతి ఇంత ఆలస్యంగా గుర్తొచ్చింది, మొద్దు బుర్ర. సుల్తానాబాద్ పోయి రివెట్లు తెచ్చాను.

ఫిబ్రవరి 15

బాలమల్లు బావి మీద పెట్టాం. చుక్క కారలేదు. ఎద్దులు దిగువకు పోతుంటే తొండం గిరక మీద జర్రున జారింది. నీళ్ళు కాలువలో ధబాలున పడ్డాయి. బాలమల్లు మోట దగ్గర తువ్వాల నెత్తిన చుట్టుకుని, మోట పాట మరిచిపోయి చూస్తున్నాడు. దీన్నెవడు చేసిండ్రా అని అడిగాడు. మా తమ్ముడు అన్నాడు అన్న. మా తమ్ముడు అని ఊళ్ళో వాళ్ళ ముందు అనడం ఇదే మొదలు.

ఇంటికొచ్చి కడుపు నిండా తిన్నాను. వదిన కూడా ఎకసెక్కం ఆడలేదు.

మార్చి 6

ఈ రోజు అన్నతో గొడవ.

బాలమల్లు ఇంటికే వచ్చాడు. తొండానికి నీళ్ళు బాగా వస్తున్నాయి, ఏం ఇయ్యమంటరు అన్నాడు. కల్లం కాడ చూసుకుందాం, పైసల ముచ్చట వద్దు అని అన్న చేతులు జోడించాడు. నాకు ఒళ్ళు మండింది.

మా పద్ధతి ఇది. ఊరికి మోట తొండాలు, చెప్పులు చేసి ఇస్తాం, పైసా అడగం. ఊళ్ళో పశువు చస్తే ఈడ్చుకుపోతాం, తోలు మాది. కోతలయ్యాక కల్లంలో రాశి పోసినప్పుడు మా వంతు వడ్లు కొలుస్తారు. దాన్ని మేర అంటారు. తాతల నాటి హక్కు అంటాడు అన్న. ఏం హక్కు? చాట పట్టుకుని, పొద్దంతా ఎండలో నిలబడి, నీ బాంచెన్ దొరా అంటే గానీ పడని వడ్లు. చిన్నప్పుడు అన్న పక్కన నేనూ నిలబడ్డాను. మళ్ళీ నిలబడను.

రబ్బరు నేను కొని తెచ్చాను, దీనికి ధర ఉంటుంది అని చెప్పి బాలమల్లు చేతిలోంచి పైసలు తీసుకున్నాను. అన్న వాటిని ముట్టుకోలేదు. ధర తీసుకుంటే బేరగాళ్ళమైతం తమ్మీ, ఊరి మనుషులం గాము అన్నాడు. బేరగాళ్ళమైతే ఏం? సేట్లు బేరాలు చేసుకునే మేడలు కట్టారు.

మార్చి 19

మరో ఐదుగురు రైతులు వచ్చారు. ఊరి పెద్ద హనుమంతు పటేలు కూడా మనిషిని పంపి తొండం చేయించుకున్నాడు. అందరి దగ్గరా ధర తీసుకున్నాను. పటేలు కిక్కురుమనకుండా ఇచ్చాడు. భయపడ్డవాళ్ళం మేమే.

మార్చి 27

బ్లాకు నుంచి గ్రామసేవకుడు దశరథం సారు సైకిలు మీద వచ్చాడు. తొండం తడిమి తడిమి చూశాడు. గ్రామాభివృద్ధి అంటే ఇదే, ఇండస్ట్రీ పట్నం నుంచి రాదు, ఇక్కడే పుట్టాలి అన్నాడు. మా వాడలో ఇండ్లన్నీ కలిపి సొసైటీ పెట్టిస్తాడట, సర్కారు నుంచి కర్జా ఇప్పిస్తాడట. మంచివాడు. అబద్ధాలు చెప్పే ముఖం కాదు. వదిన చాయ పోస్తే తాగాడు. మా ఇంట్లో బయటి సారు చాయ తాగడం చూడటానికి వాడంతా గుమిగూడింది.

ఏప్రిల్ 11

పట్టా అయిపోవచ్చింది. మళ్ళీ బెల్లంపల్లి పోవాలి.

ఏప్రిల్ 16

పోయి వచ్చాను. స్క్రాప్ మొత్తం ఎవరో వ్యాపారి వేలంలో పాడుకున్నాడట. ముక్క కూడా విడిగా అమ్మరట. రైల్లో తిరిగి వస్తుంటే ఏమీ తినబుద్ధి కాలేదు. దశరథం సారు ఏదో దారి చూపిస్తాడు.

మే 12

ఎట్లా రాయాలో తెలియడం లేదు.

హనుమంతు పటేలు కల్లంలో రాశి పోశారు. అన్న, వదిన చాటలు తీసుకుని పోయారు. నేను పోలేదు. కుమ్మరికి కొలిచారు, చాకలికి కొలిచారు, మంగలికి కొలిచారు. అన్న వంతు వచ్చేసరికి పటేలు కొలిచేవాణ్ణి ఆగమన్నాడట. నీకేందిరా అంతయ్యా, ధర తీసుకుంటివి గదా, ధర తీసుకున్నోనికి మేర ఎక్కడిది అన్నాడట. కోపంగా కాదు, నవ్వుతూనే అన్నాడట. అన్న అక్కడే నిలబడ్డాడట. నిలబడి నిలబడి ఖాళీ చాటతో వచ్చాడు.

నేను కల్లానికి ఉరుక్కుంటూ పోయాను. పటేలు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఏమిరా దేవదాసు, బెల్లంపల్లి తెలివి గదా నీది అన్నాడు. తొండానికి ధర తీసుకున్నాం సరే, చెప్పులకు, పశువులు ఈడ్చినదానికి మేర ఇవ్వాలి కదా అన్నాను. ఆ మాటకే కాచుకుని ఉన్నట్టున్నాడు. మీరు మోట తొండాలు కుట్టాలని చచ్చిన పశువు తోలు మీకు ఇడిస్తిమి, ఇప్పుడు మోటకు తోలు అక్కరలేదు, గందుకే ఇగ మీదట పశువు ఎవనిదైతే తోలు వానిదే అన్నాడు. సుల్తానాబాద్‌లో తోలుకు మంచి గిరాకీ ఉన్నదట.

నేను పెట్టిన లెక్కనే నాకు అప్పజెప్పాడు.

మే 14

మిగతా రైతులూ కొలవలేదు. ఒక్క మా ఇంటికే కాదు, మాదిగవాడ మొత్తానికి. పటేలు కట్టిన పద్ధతి ఊరంతా పట్టుకుంది. పక్కింటి లింగవ్వ మా గుమ్మం ముందు మన్ను ఎత్తి పోసింది. నువ్వు సల్లగుండ బిడ్డా, మా నోట్లె మట్టి గొట్టినవ్ అంది. ముసలిది. నా పురుడు పోసింది ఆమేనట.

మే 20

తీసుకున్న పైసలన్నీ మూట కట్టుకుని ముందు బాలమల్లు దగ్గరికి పోయాను. సగం ఖర్చయిపోతే వదిన కాళ్ళ కడియాలు అమ్మి సరిపెట్టింది. ధర తిరిగి తీసుకోండి, మేర ఇవ్వండి అన్నాను.

బాలమల్లు మంచోడే. నన్ను నీడకు కూర్చోబెట్టాడు. నీతో అబద్ధమెందుకు, పటేలుకు ఎదురుపోయే తాకత్ నాకు లేదు అన్నాడు. మళ్ళీ తనే, మేర లేకుంటే నా ఇంట్ల వడ్లు మిగులుతున్నయి గదా, ఎట్ల కాదంటనో నువ్వే చెప్పు అన్నాడు. పైసలు తీసుకోలేదు. మంచినీళ్ళు ఇచ్చి పంపాడు.

జూన్ 30

సొసైటీ కాగితాలు కరీంనగర్‌లో ఉన్నాయట. దశరథం సారుకు ట్రాన్స్‌ఫర్ అయింది, ఆసిఫాబాద్ వైపు. పోయే ముందు వచ్చాడు. చాయ పోయడానికి ఇంట్లో బెల్లం లేదు. అతనికి ఏదో అర్థమైంది, తల దించుకున్నాడు. మేర సంగతి నాకు ముందే ఎందుకు చెప్పలేదయ్యా అన్నాడు. మీరు అడగలేదు సార్ అన్నాను. అదీ నిజమే, నాకూ చెప్పాలని తట్టలేదన్నదీ నిజమే. దాన్ని నేను పీడ అనుకున్నాను. అదే మా కూడు.

ఆగస్టు 16

నిన్న కరీంనగర్‌లో ఎగ్జిబిషన్, బ్లాకు వాళ్ళు పిలిపించారు. నా తొండానికి సర్టిఫికెట్ ఇచ్చారు. పక్క స్టాలులో నీళ్ళు తోడే ఆయిల్ ఇంజను పెట్టారు. జనమంతా అక్కడే. ఎద్దులే అక్కరలేదట. నేనూ పోయి చూశాను. ఎంత బాగుందో. అది చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

సెప్టెంబరు 8

అన్న మళ్ళీ తోలు తొండం కుట్టాడు. ఇంట్లో మిగిలిన పాత తోలుతో, నూనె పట్టించి, నున్నగా. ఊరంతా తిరిగాడు. ఎవరికీ వద్దట. దేవదాసు రబ్బరుది చెక్కుచెదరలేదు, ఇంకెందుకు అన్నారట. నేను చేసిన సరుకు మంచిదని ఇంటింటా విని వచ్చాడు.

అక్టోబరు 21

సుల్తానాబాద్ పోయాను, కూలి దొరుకుతుందేమోనని. ఇనుప సామాను దుకాణం ముందు రబ్బరు తొండాలు వేలాడుతున్నాయి. లారీ టైరువి. రేకు పెట్టి రివెట్లు కొట్టారు, మేము కొట్టినట్టే. బండ్లు కట్టుకుని దూరపు ఊళ్ళ రైతులు వచ్చి కొంటున్నారు. గిది ఎవరు కనిపెట్టిండ్రు అని ఒక రైతును అడిగాను. సేటుదే తెలివి అన్నాడు. నేనని చెబుదామనుకున్నాను. చెబితే ఏమొస్తుంది. వచ్చేశాను.

నవంబరు 26

కోతలు. వదిన కల్లాలకు పోతోంది. మేర అడగడానికి కాదు. రాశి ఎత్తుకుపోయాక నేల ఊడ్చి, మన్నులో వడ్లు ఏరుకోవడానికి. పిచ్చుకలకు ముందే చేరాలని తెల్లవారకముందే లేస్తుంది. మొదటి రోజు నన్ను చూసి, మరిదీ, ఇదొక కొత్త కార్ఖానా అని నవ్వించబోయింది. ఇప్పుడు చీపురు తీసుకుని వెళ్ళిపోతుంది.

డిసెంబరు 15

వాడలో రెండు ఇండ్లకు తాళాలు పడ్డాయి. బొంబాయి పోయారు. లింగవ్వ పోలేదు. నడిచే ఓపిక లేదు.

బెల్లంపల్లి పోతానని అన్నతో అన్నాను. పో అన్నాడు. ఉండు అంటాడనుకున్నాను.

1958 జనవరి 8

హనుమంతు పటేలు ఆవు చచ్చింది. కబురొస్తే అన్న పోయాడు. ఈడ్చి, ఒలిచి, తోలుకు ఉప్పు పూసి, పటేలు కొట్టంలో పెట్టి వచ్చాడు. కూలి ఇచ్చారట. చేతులు కూడా కడుక్కోకుండా ఆ పైసలు తెచ్చి నా ముందు పోశాడు. నువ్వే లెక్కబెట్టు తమ్మీ, నాకు రాదు అన్నాడు.