వెదురు అడ్డం పెట్టిన పిల్లలు

అరకు,
ఏప్రిల్, 1978

విద్యాధికారి గారికి,

మా ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి చదివే కనకకూ, ఆమె స్నేహితురాళ్లకూ తెలుగు మీద ఆసక్తి లేదనీ, పదో తరగతిలో సీటు ఇవ్వవద్దనీ పోయిన వారం మీకు రిపోర్టు పంపాను. దయచేసి దాన్ని రద్దు చేయండి.

నిన్న ఇక్కడి గిరిజనుల చైత్రమాసపు వేట పండగ, ఇటుకల పండగ. మగవాళ్లు వేటకు పోయారు. ఆడపిల్లలు ఆచారం ప్రకారం దారికి వెదురు అడ్డం పెట్టి వచ్చేపోయేవాళ్లను ఆపుతున్నారు. నన్నూ ఆపారు. ఏడాదంతా నా క్లాసులో నోరు మెదపని కనక అందరి ముందూ అంది: "పాట పాడితే ఒగ్గేత్తాం మేస్టారూ. ఏటి, నోరు రాదా? మేం నిలబడ్డట్టే నిలబడండి మరి. బెంచీ ఒక్కటే తక్కువ."

ఊరంతా నవ్వింది. ఒక్క పాటా రాక, వెదురు ముందు అలాగే నిలబడ్డాను.

ఆసక్తి లేనిది వాళ్లకా? మాట్లాడబోయిన ప్రతిసారీ వాళ్ల యాసను వెక్కిరించి, బెంచీ ఎక్కించింది నేను. గిరిజనుల భాషను గౌరవించమని పత్రికల్లో ప్రభుత్వాన్ని తిట్టిపోసిందీ నేనే. తమరు మాత్రం ఏం చేశారు? తనిఖీకి వచ్చి పద్యాలు అప్పజెప్పించుకున్నారే గాని, ఒక్క పిల్లనైనా పలకరించారా? నా రిపోర్టును అడ్డుప్రశ్న లేకుండా తీసుకున్నారు.

చివరికి కనకే వెదురు పైకెత్తింది. "పోనియ్యండర్రా, మన మేస్టారే గదా. పదో క్లాసుకెళ్లాక మనమే పాట నేర్పేద్దాం," అంది.

రిపోర్టు సంగతి ఆ పిల్లకు ఇంకా తెలియదు.

ఇట్లు,
ఆ పిల్లల తెలుగు పండితుడు