కింది వరసలో చివరి మూడు

మూడో తేదీ

ప్రియమైన మావయ్యకి,

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా "విషయముంటే కాగితం మీద పెట్టు" అంటావు. రిటైరై ఏడు నెలలైంది, నీ లేబొరేటరీ బుద్ధి మాత్రం పోలేదు. సరే, పెడుతున్నా.

మన రంగు నెగ్గింది! సముద్రం ఒడ్డున, తూకం గది గుమ్మం ముందున్న స్టాండుకి నువ్వు వైరుతో కట్టిన నలభై ఇనప పలకలు గుర్తున్నాయిగా? రకరకాల రంగులు పూసినవి. ఐదేళ్ల ఉప్పుగాలికి ముప్పై ఏడు పలకల రంగు పొరలు పొరలుగా లేచిపోయింది. కింది వరసలో చివరి మూడు, మేం తయారుచేసిన కొత్త రంగు పూసినవి, నిన్న పూసినట్టున్నాయి. ఇరవయ్యో తేదీన కమిటీ. వాళ్ళు సరేనంటే ఈ ఏడాదే రేవులోని చేపల పడవల కమ్మీలకీ, పై రేకులకీ ఇదే రంగు వేస్తారు. నా టెంపరరీ ఉద్యోగం పర్మనెంట్ అవుతుంది. డైరెక్టరు గారు నోటితో అనేశారు కూడా.

ఇంకో మాట. ముప్పై ఒక్క ఏళ్ళు పలకలు తూచావు, ఫొటోలు తీశావు, పుస్తకంలో రాశావు. ఒక్క రిపోర్టులోనూ నీ పేరు లేదు. ఈసారి ఆఖరి పేజీలో కృతజ్ఞతల కింద అందరికన్నా ముందు నీ పేరు రాశాను.

ఒక్కటే నలుసు. నువ్వు వెళ్ళాక ఆ మూడింటి మీదా గోధుమరంగు చుక్కలు మొదలయ్యాయి. "ఐదేళ్ల రంగుకి ఆ మాత్రం వయసు కనిపించదా?" అన్నారు డైరెక్టరు గారు. నిజమే కదా?

సెలవుల్లో నీ వెంట వచ్చి, చేతులు ఎర్రగా చేసుకుని అమ్మ చేత తిట్లు తిన్న
నీ తుప్పుపిల్ల

*

ఏడో తేదీ

ఒసేయ్ తుప్పుపిల్లా,

నీ ఉత్తరం మీ అత్తయ్యకి మూడుసార్లు చదివి వినిపించాను. నాలుగోసారి మొదలుపెడితే "నాకేం చెవుడు లేదు" అని లేచి వెళ్ళిపోయింది. కాసేపటికి పక్కింటావిడతో గోడ మీంచి "మా ఆయన పేరు గవర్నమెంటు పుస్తకంలో అచ్చవుతోంది" అని చెబుతుంటే నా చెవులారా విన్నాను. ఈ వయసులో ఇంట్లో నాకు మర్యాద పెరగడం నీ చలవే.

ఉద్యోగం సంగతి మీ అమ్మకి చెప్పావా? నా చెల్లెలు మామూలుగానే గట్టిగా మాట్లాడుతుంది. ఇది వింటే వీధంతా వినిపిస్తుంది.

నాలుగు ప్రశ్నలు. జవాబు వెంటనే పోస్టులో పడెయ్. చుక్కలు పలకకి ఏ భాగంలో ఉన్నాయి? మూడింట్లో ముందు దేనికి వచ్చాయి? తూకం గది గుమ్మం పక్కన కొళాయి ఇంకా ఉందా? నా చోట్లోకి వచ్చినాయన దాన్ని వాడతాడా? ఊరికే అడుగుతున్నా. ముసలాడి చాదస్తం అనుకో.

ఇంట్లో కొత్తగా ఎత్తు పెరిగిన
మీ మావయ్య

*

పదకొండో తేదీ

ప్రియమైన మావయ్యా,

చుక్కలు పలకల పై సగంలోనే ఉన్నాయి, కింది సగం శుభ్రంగా ఉంది. ముందు ముప్పై ఎనిమిదో నంబరుకి వచ్చాయి, తర్వాత ముప్పై తొమ్మిదికి. నలభైకి పోయిన నెలలోనే. నలభై అంటే గుమ్మం వైపుది. కొళాయిని నువ్వు వెళ్ళిన వారానికే పీకేశారు, ఎవరూ వాడట్లేదు, ఊరికే కారుతోందని. కొత్తాయన బూట్లతో వస్తాడు. అవి గుమ్మంలో విప్పి, లోపలి చెప్పులు వేసుకుంటాడు. నీలా వట్టికాళ్ళతో ఇసకలో తిరిగే రకం కాదు.

ఎందుకడిగావో చెప్పలేదు. నువ్వు ఊరికే ప్రశ్నలడిగే మనిషివి కాదు. కమిటీ సరేనన్న మర్నాడే రిపోర్టు అచ్చుకి వెళ్తుంది. ఏదైనా ఉంటే చెప్పెయ్ మావయ్యా. నాకు భయంగా ఉంది.

నిద్ర సరిగా పట్టని
తుప్పుపిల్ల

*

పదహారో తేదీ

తల్లీ,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. రెండుసార్లు రాసి చింపేశాను. మీ అత్తయ్య చూసి చూసి అడిగింది, "పేరు పోతుందనా, పిల్ల ఉద్యోగం పోతుందనా నీ బాధ?" అని. రెండూ అన్నాను. "మరి ఆ కమ్మీకి ఆనుకుని వల లాగేవాడి సంగతో? అది లోపల తుప్పుపట్టి విరిగితే?" అంది. నేను కలం తీశాను.

ఒడ్డు మీంచి వస్తే కాళ్ళనిండా ఇసకా ఉప్పూ. అలాగే తూకం గదిలోకి వెళ్తే ఆ ఉప్పు రేణువు త్రాసులో పడి లెక్క తప్పుతుందని నా భయం. అందుకని ఐదేళ్లూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ కొళాయి కింద కాళ్ళు కడుక్కున్నాను. ఆదివారాలు కూడా. ఆ నీళ్ళు చిమ్మి ఎక్కడ పడేవో తెలుసా? కింది వరస చివర. నలభై మీద బాగా, ముప్పై ఎనిమిది మీద కొంచెం. కింది సగం బాగా తడిసేది, పై సగానికి తుంపరలే. నేను చూశాను. మంచినీళ్ళే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. మంచినీళ్ళు కాబట్టేనే, తల్లీ! పలకల మీద ఉప్పు పేరుకోకుండా రోజుకి రెండుసార్లు కడిగేశాయి. మీ రంగు గొప్పదో, నా కాళ్ళ పుణ్యమో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

మూడింటినీ పక్కపక్కనే కట్టిందీ నేనే, ఒక్క ఫొటోలో వచ్చేస్తాయని. మావయ్య కట్టాడు కదా అని నువ్వూ అడిగి ఉండవు.

పుస్తకంలో రాయనిది జరగనట్టే అని నీకు పదేళ్ళప్పుడు నేర్పాను. ఈ పని నేను ఒక్కరోజైనా పుస్తకంలో రాయలేదు. కాళ్ళు కడుక్కోవడం కూడా రాస్తారా అనిపించింది. ఫోన్‌లో చెబితే మాట గాలికి పోతుంది, అందుకే విడి కాగితం మీద పుస్తకం పద్ధతిలో రాసి సంతకం పెట్టాను. రిపోర్టులోంచి నా పేరు తీసెయ్. నా మీద కోపం తెచ్చుకో, న్యాయమే. నీ ఉద్యోగం తలుచుకుంటే మాత్రం గుండె పిండేస్తోంది.

నీ ఎదట పడటానికి మొహం చెల్లని
మావయ్య

*

ఇరవై రెండో తేదీ

ప్రియమైన మావయ్యకి,

నీ ఉత్తరం ఇరవయ్యో తేదీ పొద్దున, సరిగ్గా మీటింగు గదిలోకి వెళ్తుంటే చేతికొచ్చింది. వరండాలో నిలబడి చదివాను. ముందు నీ మీద ఒళ్ళు మండింది. కాళ్ళు కడుక్కోవడానికి లోకంలో నీకు ఇంకో కొళాయే దొరకలేదా? తర్వాత, నిజం చెబుతున్నా, కవరు సంచిలో పెట్టేసి సాయంత్రం అందిందని చెబుదామనుకున్నాను. ఆ విడి కాగితం కింద పడింది. తీసి చూశాను. తేదీ, వేళ, చేసిన పని, ఎందుకు చేశారు, సంతకం. చిన్నప్పుడు నా చేత రాయించినట్టే. అది చూశాక దాచడం నా వల్ల కాలేదు.

లోపల నిలబడి ఆ కాగితమే చదివాను. డైరెక్టరు గారు కళ్ళజోడు తీసి, చాలాసేపు తుడుచుకుని, "ఆ స్టాండు ప్లాను మీద నా సంతకం కూడా ఉంది" అన్నారు. పడవల సంఘం పెద్దాయన మాత్రం ముందుకి వంగాడు. "అయితే అమ్మాయ్, ఏ రంగైనా రోజూ మంచినీళ్ళతో కడిగితే అన్నాళ్ళు నిలుస్తుందా?" అన్నాడు. తెలీదండీ అన్నాను. "మరి అది తెలుసుకోండి ముందు. మాకు కొత్త రంగు కన్నా బిందెడు నీళ్ళు సులువు" అన్నాడు.

పడవలకి ఆ రంగు వెయ్యట్లేదు. నా పర్మనెంటూ ఆగింది. ఇంటికొచ్చి ఏడ్చాను, నీ దగ్గర దాచడం ఎందుకు? కానీ ఇంకో రెండేళ్ళు పని ఇచ్చారు. కొత్త రంగువీ పాత రంగువీ కలిపి, ఎక్కడివక్కడ చెదరగొట్టి కడతాం. సగం పలకలకి రోజూ రెండుపూటలా నీళ్ళు, సగానికి ఏమీ ఉండవు. కొళాయి నిన్న మళ్ళీ బిగించారు. "ఐదేళ్లు నాగా లేకుండా కాళ్ళు కడుక్కున్న మనిషి ఇంకెక్కడ దొరుకుతాడు? పలకలు కట్టే వారం ఆయన్నే రమ్మను" అన్నారు డైరెక్టరు గారు. నీ స్టూలు అక్కడే ఉంది. అత్తయ్యని కూడా తీసుకురా.

నీ పేరు కృతజ్ఞతల్లోంచి తీసేశాను, నువ్వు చెప్పినట్టే. కొత్త పరీక్ష ప్రతిపాదన మొదటి పేజీ మొదటి వరస ఇది: "ఈ విషయాన్ని గమనించి తెలియజేసినవారు." పక్కన నీ పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. అత్తయ్యకి నాలుగోసారి కూడా చదివి వినిపించు, ఈసారి లేచి వెళ్ళదులే.

నీ కాగితం పుస్తకంలో అంటించాను. పేజీ నంబరు వేసి, నీ సంతకం కింద నేనూ సంతకం పెట్టాను. ఇప్పుడది జరిగినట్టే.

కొళాయి దగ్గర నీకోసం చూసే
తుప్పుపిల్ల