కంటి శిబిరానికి తరలిపోయిన మనసు మేడంను తిరిగి ఇప్పించుట గురించి

ఉమ్మడి మనోవైద్య సేవల అధికారి గారికి,
జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు.

అయ్యా,

విషయం: కంటి కదలికల చికిత్స కంటి జబ్బులకు కాదని మనవి.

కురవి మండల రైతు యుగేందర్ రాసుకొను అర్జీ.

1. గత సెప్టెంబరు 14న మా పత్తి చేనులో పిడుగుపడి మా వదిన గట్టమ్మ మరణించింది. నాలుగడుగుల దూరంలో కలుపు తీస్తున్న నా భార్య వసంతకు దెబ్బ తగలలేదు. అయితే అప్పటినుంచి మబ్బు పడితే తలుపు గడియ పెడుతుంది. మా బిడ్డ అమూల్యను గడప దాటనివ్వదు. జూన్‌లో బడి తెరిచాక తొమ్మిది రోజులు మబ్బు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ అమూల్య బడికి పోలేదు.

2. తమ విభాగపు సలహాదారు ప్రియదర్శిని గారు ఏప్రిల్‌లో చికిత్స మొదలుపెట్టారు. పిడుగు పడ్డ రోజును మనసులో తలచుకుంటూ, మేడం అటూ ఇటూ కదిపే వేళ్లను వసంత కళ్లతో వెంబడించాలి. నాలుగు వారాలకు, మబ్బు ఉండగానే, వాకిట్లోకి వచ్చి ఆరిన బట్టలు తీసింది.

3. అయిదో వారం మేము పోతే మేడం లేరు. ఆమె శిక్షణ పత్రంలో ‘కంటి కదలికల చికిత్స’ అని ఉన్నందున కంటి శిబిరాలకు వేశారట. ప్రస్తుతం ఘనపూర్‌లో ముసలివాళ్లకు ఒక కన్ను మూసి అక్షరాలు చదివిస్తున్నారు. తమ కార్యాలయం ఆ పత్రాన్ని చదివినందుకు కృతజ్ఞుడిని. రెండో మాట కూడా చదివి ఉంటే ఇంకా బాగుండేది.

4. కౌంటరు గుమాస్తా చందూలాల్ గారు మమ్మల్ని కంటి డాక్టరు దగ్గరికి పొమ్మన్నారు.

“గిది మనసు బాధ అన్నా” అన్నాను.

“చిట్టీల కండ్లని రాసున్నది. మనసని ఏడున్నదో సూపెట్టు.”

కంటి డాక్టరు దగ్గరికే పోయాము. డాక్టరు గారు పరీక్షించి ‘చూపులో లోపం లేదు’ అని రాశారు. ఆ కాగితం ఆధారంగా తమ కార్యాలయం వసంతకు నయమైనట్టు నిర్ధారించి కేసు మూసింది. “నాకు మంచిగనే కనబడుతది సారూ, గదే నా పరేషాన్” అని వసంత చందూలాల్ గారికి చెప్పింది. దానికి రిజిస్టరులో గడి లేదన్నారు.

5. కనుక మేడంను వారానికొక రోజు పాత పనికి పంపవలెను. వీలుకానిచో ఘనపూర్ శిబిరంలోనే, అక్షరాల బోర్డు పక్కన, మాకొక గంట ఇప్పించవలెను. మేమే వస్తాము, మబ్బు లేని రోజున.

పై సంగతులు చిత్తగించి, వానలు ముదరక ముందే ఉత్తర్వు దయచేయవలెను.

తమ విధేయుడు,
యుగేందర్

మళ్లీ మనవి: సంతకం చేస్తుండగా మబ్బు పట్టింది. వసంత గడియ పెట్టింది. నేనే ఎదురుగా కూర్చొని రెండు వేళ్లు కదిపాను.

“గిట్ల కాదు. నువ్వు ఊకె ఊపుతున్నవ్. మేడం నడుమ ఆపి, ఏమనిపిస్తుందని అడుగుతది” అన్నది.

అడిగాను. పది నెలల్లో నేను అడగడం ఇదే మొదలు.

“గట్టమ్మక్క నా దిక్కు జూసి నవ్వుకుంట ఏందో చెప్తుండె. మాట సగంలనే ఉండె.”

ఆ తర్వాత ఏం చేయాలో నాకు తెలియదు. మేడంను జర జల్దీ పంపుండ్రి సారూ.