బొమ్మ చెవిలో నా కూతురు చెప్పిన మాట

నాయనా, బతికుండగా నువ్వు నాతో ఒక్కరోజైనా ఆడావా? నువ్వు పోయి నేటికి ఏడాది.

నిన్న కర్నూలు నెట్ సెంటర్లో, పిల్లలతో ఆడటం తల్లిదండ్రులకు నేర్పే పాఠానికి నీ మనవరాలిని తీసుకుపోయాను. కంప్యూటర్ తెర మీద టీచరమ్మ నా చేతిలో గ్రంథం చూసి నవ్వి, "ఆ గ్రంథం పక్కన పెట్టప్పా! పది నిమిషాలు పాప చెప్పిందే ఆట. బోధలొద్దు," అంది.

నేలమీద కూర్చున్నాను. పాప బొమ్మ నోరు మూసి, దాని చెవిలో, "నవ్వొద్దే, నాయన ఈడే ఉండాడు. నరకానికి పోతామంటాడు," అంది.

నరకం మీద వాక్యాలన్నీ కంఠస్థం చేసిన నేను ఆ గ్రంథాన్ని ఇంకా దూరం జరిపాను. నీ చెప్పుల చప్పుడు వింటే నేనూ అట్లే నవ్వు మింగేవాణ్ని. ఆరేళ్ల బిడ్డలో ఆ భయం గట్టిపడిపోతుందేమో.

ఈ సాయంత్రం నేను బోధించే సభలో ఒక్కటే అంటాను: "తండ్రులారా, లేవండి! ఇంటికి పోయి ఈ పొద్దే బిడ్డ పక్కన నేలమీద కూర్చోండి!"