వెలిగింది గానీ తిరగలేదు

పూణే,
ఆదివారం.

అన్నయ్యకు,

పద్మ నమస్కారాలు. నా ఒంట్లో బాగానే ఉంది. నాన్నగారి మోకాలు ఎలా ఉంది? అమ్మ వేళకు మాత్రలు వేసుకుంటోందా? వదినకు దగ్గు తగ్గిందా? ఉత్తరమేమిటని కంగారు పడకు. ఫోనులో అయితే నువ్వు స్పీకరు పెట్టేస్తావు, చుట్టూ పదిమంది వింటారు. ఇది ముందు నువ్వొక్కడివే చదవాలి.

ఇక్కడ మూడు వారాలుగా ఒకటే వాన. బట్టలు ఆరడం లేదు. గదిలో తోడున్న అమ్మాయి వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది. మెస్‌లో పప్పులో కూడా బెల్లం వేస్తున్నారు, వదిననడిగి కాస్త కందిపొడి పంపించు. నాకు తెలుగు వినిపించేది ఒక్క శేషగిరి గారి నోటనే. మా టీముకు పెద్ద, తాడేపల్లిగూడెం ఆయన. "టిఫిన్ చేశావా అమ్మాయ్" అని రోజూ అడుగుతారు. మంచి మనిషి. ఆ మాట ముందే రాస్తున్నాను, కింద రాసింది చదివి నువ్వు మరోలా అనుకుంటావని.

మేం చేసేది చేపల చెరువుల గట్టు మీద పెట్టే పెట్టె అని నీకు తెలుసు. అందులో ఉన్నది చిన్న కంప్యూటరు. నీళ్ళలో ఆక్సిజన్ చూడాలి, రైతు ఫోనులో నొక్కితే తెర మీద జవాబివ్వాలి, నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరేటర్ మోటారుకు ఆర్డరు పంపాలి. ఒక్క క్షణంలో ఒక్క పనే చేయగలదు. ఎవరి వంతు ముందు, ఎంతసేపు అని తేల్చే భాగం నా చేతిలో పెట్టారు. మొదట అన్ని పనులకూ సమానంగా పంచాను. తెర నెమ్మదించింది. పలకలేదనుకొని రైతులు మళ్ళీ మళ్ళీ నొక్కారు. మోటారు తిరగడం, ఆగడం, తిరగడం... ఒకచోట కాలిపోయింది.

"వేలు పెట్టగానే పలకాలమ్మా. పలకని పెట్టెను ఎవరు నమ్ముతారు? తెరకే ముందు వంతు ఇచ్చెయ్" అన్నారు శేషగిరి గారు.

"మిగతా పనులు వెనకబడతాయేమోనండీ."

"వెనకబడతాయి గానీ ఆగిపోవు కదా."

సరేనని మార్చాను. నా చేతులతోనే మార్చాను.

పోయిన నెల చిట్టి బాబాయి చెరువులో చేపలు చచ్చిపోయాయి కదా. ఏరేటర్ వేయలేదని సత్తియ్యను బాబాయి పనిలోంచి తీసేశారని నువ్వే చెప్పావు. "ఏశానండీ బాబూ, ఫోన్లో పచ్చగా ఎలిగిందండీ" అని అతను ఏడ్చినా ఎవరూ నమ్మలేదన్నావు.  మరునాడు ఆఫీసులో బాబాయి గట్టు మీదున్న మా పెట్టె రికార్డు తెరిచాను.

సత్తియ్య నొక్కాడు అన్నయ్యా. నొక్కిన సమయం కూడా ఉంది. మబ్బు పట్టిన ఉదయం, నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయే వేళ. ఆ ఒక్క పెట్టెతోనే నడిచే చుట్టుపక్కల చెరువుల వాళ్ళంతా భయపడి ఒకేసారి ఫోన్లు తెరిచారు. పెట్టె అందరి వేళ్ళకూ జవాబు చెబుతూ కూర్చుంది. సత్తియ్య తెర మీద వెంటనే పచ్చరంగు చూపించింది. మోటారుకు వెళ్ళాల్సిన ఆర్డరు మాత్రం వెనక నిలబడిపోయింది. అతను తెరను నమ్మి అవతలి చెరువుకు మేత వేయడానికి వెళ్ళాడు. మోటారు తిరిగేసరికి చేపలన్నీ తెల్లగా తేలాయి.

శేషగిరి గారికి చూపించాను. 

"కరెంటు పోయి చేపలు చచ్చాయని పైవాళ్ళకు రిపోర్టు వెళ్ళిపోయిందమ్మా."

"కరెంటు ఉందండీ. ఇదిగోండి. మోటారుకు ఎవరూ లాక్కోలేని వంతు ఒకటి విడిగా పెడితే చాలండీ, తెర కూడా పలుకుతుంది."

"బాగుంది. వానలు తగ్గాక అన్ని పెట్టెలకూ పంపుదాం."

"మబ్బులు వానల్లోనే కదండీ?"

ఆయన లేచి వెళ్ళిపోయారు. మధ్యాహ్నానికి ఆ రికార్డు నాకు తెరుచుకోలేదు. నన్ను పలకరించడం కూడా మానేశారు. ఆయనకూ భయమే అనుకుంటాను.

అప్పటికే ఒక ప్రతి కాగితం మీద తీసుకున్నాను. దీంతో పాటు పెట్టాను. బాబాయికి చూపించు. సత్తియ్యను పిలిపించి అతని ఎదుటే చదువు. వంతులు మార్చింది ఎవరని అడిగితే నా పేరు చెప్పు, దాచకు. అతనికి నేనే వచ్చి చెప్పుకోవాలి. రేపు పైవాళ్ళకు అన్నీ రాసి ఇస్తున్నాను. ఉద్యోగం ఉంటుందో ఉండదో. నేను బాగానే ఉన్నాను, అమ్మతో అదే చెప్పు.

నాన్నగారికి, అమ్మకు పాదాభివందనాలు. భయపడకుండా నిలబడాలని దీవించమని అడుగు. వదినకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నీ చెల్లెలు,
పద్మ

మన చెరువు గట్టు మీద ఉన్నదీ అలాంటి పెట్టే. కైకలూరు వైపు ఈ వారమంతా మబ్బేనట. ఇది నీకు అందేలోపు ఫోను చేసి, కారణం చెప్పకుండా ఏరేటర్‌కు చేత్తోనే స్విచ్ వెయ్యమంటాను. నువ్వు విసుక్కుంటావు, నాకు తెలుసు. ఒకవేళ వినకపోయి ఉంటే, ఈ కాగితం అక్కడ పెట్టి చెరువు దగ్గరికి వెళ్ళు. ఇప్పుడే వెళ్ళు అన్నయ్యా.